గాలిమోటరుకు కాళ్ళు

మా చెల్లె గాలిమోటరుకు కాళ్ళు పెట్టింది. విమానాన్ని మా వైపు అప్పట్లో గాలిమోటరు అనేవాళ్ళం. ఇప్పుడు ఈ సంగతి చెబితే నవ్వుతారు. నవ్వండి, అప్పుడు మా వాడకట్టంతా నవ్వింది, నేనూ నవ్వాను. కానీ ఆ కాళ్ళు ఎందుకు పెట్టిందో వినకుండా నవ్వేవాళ్ళను చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

మాది పోచంపల్లికి దగ్గర్లో ఒక ఊరు. నైజాం పాలన పోయి కొన్నేళ్ళయింది. వీధి వీధంతా మగ్గాలే. మా ఇంట్లో నాయిన, నాయిన తల్లి అవ్వ, చెల్లె ఉండేవాళ్ళు. అమ్మ మా చిన్నతనంలోనే పోయింది. నన్ను వెనక వీధిలోనే ఇచ్చారు కాబట్టి పొద్దున్నే నా ఇంటి పని తెముల్చుకుని వచ్చి పొద్దుగూకే దాకా నాయిన దగ్గరే పని చేసేదాన్ని. పెళ్ళి చేసి పంపినా పీడ వదల్లేదని అవ్వ నన్ను ఆటపట్టించేది.

మేము నేసేవి రుమాళ్ళు. జేబులో పెట్టుకునేవి కావు. నలుపలకల పెద్ద బట్ట, భుజాల మీద కప్పుకుంటే నడుము దాటి వస్తుంది. ఆముదపు కాయల బూడిద నీళ్ళలో, నూనెలో నూలును రోజుల తరబడి పిసికి ఆరబెడితే గాని దానికి మంచి ఎరుపు పట్టదు. ఆ నూనె వాసన ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళు ఈ రుమాళ్ళను నడుముకు కట్టుకునేవాళ్ళు. సముద్రం అవతల అరబ్బులు తలకు చుట్టుకుంటారని, ఎండలో చల్లగా ఉంటుందని పట్నం సేటు చెప్పేవాడు. పట్నం అంటే మాకు హైదరాబాదే. నేసేవాళ్ళం మేమే అయినా మా ఒంటి మీద ఉండేది మిల్లు బట్టే.

ఈ రుమాలు మీద బొమ్మ నేసేటప్పుడు పుట్టదు, అంతకు ముందు దారం మీదే పుడుతుంది. దారాలను చట్రానికి సాగదీసి, మడతలు పెట్టి, బొగ్గుతో గుర్తులు గీస్తారు. రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీని బిగించి కడతారు. రంగులో ముంచి తీసి విప్పితే కట్టిన చోటు తెల్లగా మిగులుతుంది. దీన్ని చిటికి కట్టడం అంటారు. దారాలు మడతల మీద ఉంటాయి కాబట్టి ఒక్కచోట కట్టిన బొమ్మ ఆ పడుగులోని రుమాళ్ళన్నిటిలోనూ వస్తుంది. కట్టు తప్పితే ఆ తప్పు కూడా అన్నిటిలోనూ వస్తుంది.

నాయినకు చదువు లేదు. బొమ్మంతా తలలోనే ఉండేది. ఏనుగులు, సింహాలు, పూలు ఆయనకు తండ్రి నుంచి వచ్చాయి. పట్నంలో ఒకసారి గోడగడియారం చూసి వచ్చి దాన్ని కట్టాడు. రెండు ముళ్ళనూ పన్నెండు మీద కట్టాడు. ఆ రుమాలు మీద ఎప్పుడు చూసినా మధ్యాహ్నమే. "ఏడాదికి ఒక్క కొత్త బొమ్మన్న తియ్యకుంటే మనమెందుకు బిడ్డా, మిల్లున్నది గద" అనేవాడు.

కొత్త బొమ్మ తీయడం మగవాళ్ళ పని. ఆడవాళ్ళం దారం చుట్టాలి, మగవాళ్ళు గీసిన గుర్తుల మీద కట్టాలి, అంతే. నాయిన ఆ కట్టుబాటును చెల్లె కోసం పక్కన పెట్టాడు. దానికి కన్ను అట్లాంటిది. పొయ్యిలోని బొగ్గు ముక్క దొరికితే చాలు, గోడ మీద కోడినీ మేకనీ గళ్ళు గళ్ళుగా విడగొట్టి గీసేది. చిటికిలో గుండ్రం రాదు, వంపు రాదు, అన్నీ మెట్లు మెట్లుగానే రావాలి. ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే దానికి తెలుసు. ఆడపిల్ల చేతికి బొమ్మనిచ్చాడని వాడకట్టులో నాలుగు మాటలన్నారు. నాయిన వినిపించుకోలేదు.

ఊరి బయట రంగు నూలు ఆరేసేటప్పుడు పట్నం వైపు పోయే గాలిమోటరు అప్పుడప్పుడు కనబడేది. చప్పుడు వినబడితే చాలు, చెల్లె చేతిలోది కింద పెట్టి నిలబడిపోయేది. తడి నూలు మట్టిలో పడుతోందని నేను తిడితే కూడా దాని చెవికెక్కేది కాదు. ఒకరోజు అన్నం తింటూ అడిగింది.

"నాయినా, దానికి కాళ్ళుంటయా?"

"ఏమో బిడ్డా. నేను గూడ కిందికెల్లి సూసుడే గద."

"కాళ్ళు లేకుంటే ఎట్ల దిగుతది పోరీ, కడుపు మీద పడుతదా" అంది అవ్వ.

పట్నంలో కొన్నాళ్ళు కూలి చేసి వచ్చిన పక్కింటి పెద్దనాయిన గుమ్మంలో కూర్చుని వింటున్నాడు. చక్రాలుంటయని ఎవరో అన్నరు, మోటరన్నంక చక్రాలుండవా అన్నాడు. ఆయన కూడా దగ్గరికి పోయి చూసింది లేదు.

"మరి పైకి పోయినంక చక్రాలు ఏడికి పోతున్నయి పెద్దనాయినా? కిందికెల్లి సూస్తే ఒక్కటి కనవడది. చక్రం ముడుసుకుంటదా? కాళ్ళయితే ముడుసుకుంటయి. గద్దను సూడుండ్రి. పోయేటప్పుడు కాళ్ళు లోపలికి తీసుకుంటది, దిగేటప్పుడు ఇడుస్తది."

కనబడే దాన్ని పట్టుకుని కనబడని దాన్ని ఊహించడమే కదా శాస్త్రం అంటే. చదువుకున్నవాళ్ళు చేస్తే దానికి సభలూ దండలూ. మా చెల్లె చేస్తే అందరికీ పరాచికం.

చెల్లె దిగుతున్న గాలిమోటరును కట్టింది. రెక్కలు చాపి, కాళ్ళు కిందికి విడిచి, నేల కోసం చూస్తున్నట్టు. ఎర్రటి నేల మీద తెల్లగా లేచింది. మగ్గం మీది నుంచి మొదటి రుమాలు కోసిన రోజు వాడకట్టంతా మా ఇంటికి వచ్చి నవ్వి పోయింది. ఇది గుడ్లు కూడా పెడుతుందా అని ఒకాయన అడిగాడు. నాయిన ఒక్కడే నవ్వలేదు. మూట కట్టి సేటుకు తీసుకుపోయాడు. సేటు కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడట. పది రోజులకు మనిషిని పంపాడు, ఆ కాళ్ళ రుమాళ్ళు ఎన్ని ఉంటే అన్ని కావాలని. ఆ ఏడంతా మేము అవే నేశాము. నాయిన ఎప్పుడూ చేయని పని ఒకటి చేశాడు. ఒక రుమాలు అమ్మకుండా పెట్టెలో దాచాడు.

ఆ చలికాలం చెల్లెకు దగ్గు పట్టుకుంది. మగ్గం గుంతలో తేమ, నూనె కంపు, ఇంట్లో ఎవరికో ఒకరికి దగ్గు ఉండనే ఉంటుంది. అవ్వ కషాయాలు కాచింది. పసరు పోయించాము. సాయంత్రాలు జ్వరం వచ్చేది, భుజాల ఎముకలు తేలాయి. ఉమ్మిలో ఎర్ర జీర కనబడ్డాకే నాయిన దాన్ని బస్సెక్కించి పట్నం దవాఖానకు తీసుకుపోయాడు. నేనూ వెళ్ళాను.

డాక్టరు మంచివాడు. ఛాతీ ఫోటో తీయించి వెలుతురుకు పెట్టి చూపించాడు. "క్షయ ఇది. ఇదివరకైతే ఈ జబ్బుకు మందు లేదు. ఇప్పుడు సూదులు వచ్చినయి, మంచిగైతున్నరు. కాని మీరు చాలా ఆలస్యంగా వచ్చిన్రు. మొదలువెడదాం" అన్నాడు. ఈ జబ్బుకు సూది ఉందన్న మాట మేము వినడం అదే మొదలు. అది పట్నానికి వచ్చి అప్పటికే కొన్నేళ్ళయిందట. పట్నం నుంచి మా ఊరికి బస్సులో ఒక పూట ప్రయాణం.

సూదులు మొదలై జ్వరం కొంచెం తగ్గాక, ఊరికి తిరిగి వచ్చే రోజు చెల్లె నాయినను అడిగింది, గాలిమోటరు నిలబడితే చూడాలని. నాయిన రిక్షా మాట్లాడాడు. గాలిమోటర్లు దిగే మైదానానికి చుట్టూ ఇనుప తీగల కంచె ఉంది. లోపలికి పోనీయరు. కంచె పట్టుకుని ముగ్గురం నిలబడ్డాము. దూరంగా ఒకటి నిలబడి ఉంది. దాని కింద చక్రాలు ఉన్నాయి.

చెల్లె కంచె తీగలకు ముఖం ఆనించి చూసింది. తరవాత, "తప్పు కట్టిన నాయినా" అంది.

"ఏమయితది బిడ్డా. నీది మంచిగనే ఉన్నది."

"కాదు. అది గట్ల లేదు. ఊకె నవ్విన్రు అనుకున్న, నిజంగనే తప్పు కట్టిన."

అంతలో అది కదిలింది. మైదానం చివరి దాకా పోయి, తిరిగి, పరుగెత్తి మా తలల మీదుగా లేచింది. దుమ్ముకు నేను కళ్ళు మూసుకున్నాను. చెల్లె మూసుకోలేదు. నా చేయి గట్టిగా పట్టుకుంది.

"అక్కా, ముడుసుకున్నయి. సూసినవా, చక్రాలు లోపలికి ముడుసుకున్నయి. నేను అన్లే?"

ఆ తరవాత దాని ముఖం అట్లా వెలగడం నేను మళ్ళీ చూడలేదు. బస్సులో నాయిన భుజం మీద తల పెట్టుకుని, చక్రాలతో మళ్ళీ కడతానంది. కాళ్ళవి ఇక నేయొద్దంది. "సక్కగ కట్టేదాక ఈ సూదులు పనిచేస్తే సాలు నాయినా, తప్పుది ఒక్కటే నా పేర ఉండొద్దు."

పట్నం నుంచి మందు తెచ్చుకుని, దగ్గర్లోని చిన్న దవాఖానలో సూదులు వేయించుకునే ఏర్పాటు జరిగింది. ఎండాకాలం కొంచెం తేరుకుంది. గంజి తాగేది, గోడకు ఆనుకుని బొగ్గుతో గీసేది, చెరిపేది. చక్రం చిటికికి లొంగే వస్తువు కాదు. మెట్లతో గుండ్రం తేవాలంటే ఒక్కో మెట్టు ఎంత పొడవుండాలో లెక్క కుదరాలి. గడియారం కట్టిన నాయినకే అది సరిగా రాలేదు, పలకలు తేలింది. చెల్లె మాత్రం కుదిర్చింది. గుర్తులు గీయడం అయింది, రెక్కలు కట్టడం అయింది. వానలు పడేసరికి రబ్బరు పట్టీ బిగించే బలం వేళ్ళలో లేకుండా పోయింది. మంచం చట్రం దగ్గరికి జరిపాము. అది ఇక్కడ, ఇక్కడ అని చెబితే నేను బిగించాను. అట్లా ఒక చక్రం పూర్తయింది.

రెండో చక్రానికి అది లేదు. ఒక పొద్దున అవ్వ గంజి తాగించబోతే తాగలేదు.

తీసుకుపోయేటప్పుడు మీద కప్పడానికి కొత్త బట్ట కావాలి. నాయిన పెట్టె తెరిచి దాచిన రుమాలు తీశాడు. అది వద్దని నా నోటి దాకా వచ్చింది. అది తప్పని చెల్లే అంది కదా. కానీ ఇంట్లో కొత్త బట్ట అదొక్కటే ఉంది. కాళ్ళ గాలిమోటర్లను కప్పుకునే పోయింది.

చాలా రోజులు నాయిన చట్రం వైపు రాలేదు. దారాలు అట్లాగే సాగి ఉండేవి. అవ్వకు చూపు అప్పటికే మందగించింది, గోడ పట్టుకుని నడుస్తూ ఆ చట్రానికి తగిలి నిలబడిపోయేది. తరవాత ఒకరోజు నాయిన స్నానం చేసి వచ్చి కూర్చుని రెండో చక్రం కట్టాడు. అది కొంచెం పలకలు తేలింది. విప్పి మళ్ళీ కట్టలేదు. రంగులు వేసి నేశాము. ఒక చక్రం దానిది, ఒక చక్రం ఆయనది. అంత మంచి రుమాళ్ళు మా ఇంట్లో అంతకు ముందు రాలేదు. నా చెల్లె కోరింది జరిగిందని నాకు ఏడుపూ వచ్చింది, సంతోషమూ వేసింది.

మూట నెత్తిన పెట్టుకుని నాయినతో నేనూ సేటు దగ్గరికి వెళ్ళాను. సేటు ఒకటి విప్పి చూశాడు. లేచి లోపలి నుంచి ఒక బట్ట తెచ్చి దాని పక్కన పరిచాడు. పలచటి మిల్లు బట్ట. అచ్చు వేసింది. ఎర్రటి నేల మీద వరుసలు వరుసలుగా కాళ్ళ గాలిమోటర్లు. చిటికిలో రంగు పక్కకు పాకి అంచులు మసకగా వస్తాయి కదా, ఆ మసకను కూడా అచ్చు వేశారు.

"బొంబాయి దిక్కుకెల్లి వచ్చింది. ఏ మిల్లో నాకు ఎర్క లేదు. బజార్ల ఎక్కడ సూసినా గిదే. అందరు గీ కాళ్ళదే అడుగుతున్నరు. నీ చక్రాలది వెడితే, ఇది నకలు అని పక్కకు వెడుతరు."

"గది నా బిడ్డ తీసిన బొమ్మ సేటూ" అన్నాడు నాయిన.

"నాకు ఎర్కనేనయ్యా. కొనేటోనికి ఎర్కుండాలె గద."

"కాళ్ళది తప్పు. చక్రాలదే అసలు. అదే సక్కగ చేసింది."

సేటు చక్రాల రుమాలును మడిచి మూటలో పెట్టాడు. చెడ్డవాడు కాదు. చెల్లె పోయిందని తెలిసి ముందే విచారపడ్డాడు. చక్రాల రుమాళ్ళను చేపలవాళ్ళకు అమ్మే సరుకులో వేసుకుంటానన్నాడు. వాళ్ళు బొమ్మ చూడరు, నూనె నూలు చూస్తారు.

మిల్లుల మీద నాకు పగ లేదు. మిల్లు బట్ట కట్టుకునే పెరిగాను. శాస్త్రం మీదా పగ లేదు, ఆ సూది ఒక్క ఏడాది ముందు మా ఊరికి వచ్చి ఉంటే నేను ఇదంతా రాసేదాన్నే కాదు. నా కోపం ఒక్కటే. చెల్లె కట్టిన బొమ్మ పట్నం దాటి, బొంబాయి దాకా పోయి, అచ్చయి, మళ్ళీ మా పట్నం బజారుకు తిరిగి రావడానికి రెండేళ్ళు కూడా పట్టలేదు. అందుకు రైళ్ళున్నాయి, మనుషులున్నారు, తెలివి ఉంది. అదే లోకానికి ఆ సూదిని ఒక పూట దూరం తీసుకురావడానికి దారి దొరకలేదు. రేపటి లోకం ఇట్లా ఉంటుంది అట్లా ఉంటుంది అని సభల్లో ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వచ్చేస్తాను. ఆ రేపు మా ఇంటికి ఒకసారి వచ్చి పోయింది.

మేము లేవబోతుంటే సేటు అన్నాడు, "కాళ్ళది చేతితోటి కట్టింది ఉంటే సముద్రం అవతల ఇంకా అడుగుతరు. కట్టుకరా. గిది వట్టుకపో, నమూనాకు." ఆ మిల్లు బట్టను మడిచి నాయిన చేతిలో పెట్టాడు.

నాయిన పుచ్చుకున్నాడు. పుచ్చుకోకుండా ఇంటికి పోయి ఏం చేస్తాము. మగ్గం ఖాళీగా ఉంది.

మిల్లు బట్టను చుట్టి సంచిలో అడుగున పెట్టాడు నాయిన. నాకు నమూనా ఎందుకు, నా తలలో లేదా అన్నాడు. రెండు రోజులకు చట్రానికి దారం సాగదీసి బొగ్గు తీసుకుని రెక్కలు గీశాడు, తోక గీశాడు. కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగాడు.

"ఏళ్ళు ఎన్ని వెట్టింది బిడ్డా?"

పాదాల వేళ్ళ సంగతి. నేను మూడు అన్నాను. అని, అనుమానం వచ్చింది. గద్దకు ముందు మూడు, వెనక ఒకటి ఉంటుంది. అది గద్దను చూసే కట్టింది. అయితే నాలుగు కట్టిందా? నాలుగు వేళ్ళు చిటికిలో ఇమడవని వదిలేసిందా? ఏడాది పొడుగునా ఈ చేతులతోనే వాటిని కట్టాను, చేతులకూ గుర్తు లేదు. కళ్ళు మూసుకుంటే మిల్లు బట్ట మీది పాదమే కనబడుతోంది, దాన్ని మిల్లువాళ్ళు ఉన్నదున్నట్టే దించారో లేదో తెలియదు. నాయిన కూడా కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆయనకూ అదే కనబడిందని ఆ తరవాత చెప్పాడు. మేము కట్టినవన్నీ సముద్రం దాటిపోయాయి. దాచినది చెల్లె మీద పోయింది. గోడ మీద దాని బొగ్గు గీతలను పెద్దకర్మ ముందు సున్నం వేసి చెరిపేశాము.

నాయిన లేచి సంచిలో నుంచి మిల్లు బట్ట తీశాడు. గోడకు మేకు కొట్టి తగిలించాడు. దాన్ని చూస్తూ వేళ్ళు గీశాడు. నేను రబ్బరు పట్టీ అందుకుని కట్టడం మొదలుపెట్టాను.

అవ్వ గోడ పట్టుకుని వచ్చి మా పక్కన కూర్చుంది. చట్రం మీది ముడులను వేళ్ళతో తడిమింది.

"మన పోరి కట్టినట్టే కడుతున్నరా కొడుకా?"

నాయిన నా వైపు చూడలేదు.

"ఆ. గట్లనే" అన్నాడు.